ఫ్రెంచి విప్లవం గురించి మీరు వేసింది సగం పుకారే

సంపాదకులకు నమస్కారం.

1789 జూలై 14న జనం పారిస్‌లోని బాస్టిల్ కోటను పట్టుకున్న రోజుకు గుర్తుగా జరిపే బాస్టిల్ డే సందర్భంగా మీ ఆదివారం అనుబంధంలో ఫ్రెంచి విప్లవం మీద వేసిన వ్యాసం చదివాను. బొమ్మలు బాగున్నాయి, రంగులు బాగున్నాయి, విషయమే బాగాలేదు. జనం ఆకలితో అలమటిస్తుంటే కేకు తినమన్న రాణి, తాను కనిపెట్టిన గిలెటిన్ అనే తల నరికే యంత్రానికే తల అప్పగించిన డాక్టరు, తల తెగాక కూడా లెక్కపెట్టి మరీ కళ్లు ఆర్పిన శాస్త్రవేత్త, ఒంటి చేత్తో దేశాన్ని వల్లకాడు చేసిన విప్లవ నాయకుడు రోబెస్పియర్. ఈ నలుగురూ మీ వ్యాసంలో ఉన్నారు గానీ చరిత్రలో లేరు. ఆ పేర్లున్న మనుషులు ఉన్నారు, వాళ్ల కథ వేరే.

నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. వాట్సాప్‌లో వచ్చిందంటే పిల్లలకు "అవన్నీ నమ్మకండ్రా" అని చెప్పి ఊరుకోవచ్చు, పేపర్లో వచ్చిందంటే అలా కుదరదు, మన దగ్గర ఇప్పటికీ పేపర్లో పడిందంటే నిజమనే లెక్క. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. మీరు దీనికి గిలెటిన్ వేయక తప్పదని తెలుసు, రోబెస్పియర్ సంగతి మాత్రం ఉంచండి, మిగతాది మీ ఇష్టం.

ముందు కేకు. ఆ రాణి, పదహారో లూయీ భార్య మేరీ ఆంటోయినెట్, పుట్టింది 1755 నవంబరులో, వియన్నాలో. ఫ్రాన్సుకు కోడలిగా వచ్చింది 1770లో, పద్నాలుగేళ్ల వయసులో. తినడానికి రొట్టె లేదన్న జనాన్ని అంతకంటే ఖరీదైనదేదో తినమన్న ఒక గొప్ప యువరాణి కథ రచయిత రూసో తన ఆత్మకథలో రాశాడు. పేరు చెప్పలేదు. ఆ భాగం ఆయన రాసింది 1760ల మధ్యలో, అంటే అప్పటికి ఈ పిల్లకు పదేళ్లు, ఇంకా వియన్నాలో ఆడుకుంటోంది. ఇంకో తమాషా ఏమిటంటే, దాదాపు ఇదే కథను ఆమె సొంత మరిది, తర్వాత పద్దెనిమిదో లూయీగా గద్దెనెక్కినాయన, నూరేళ్ల కిందటి రాణికి, పద్నాలుగో లూయీ భార్యకు అంటగట్టి రాశాడు. అంటే ఇది ఎవరో ఒక రాణి మీద ఎప్పుడూ తిరుగుతూ ఉండే మాట, చివరికి ఈవిడ నెత్తిన వాలింది.

విప్లవం రోజుల్లో ఈమె మీద వచ్చినన్ని బూతు కరపత్రాలు బహుశా ఇంకే రాణి మీదా వచ్చి ఉండవు. ఆమెకు అంటగట్టని సంబంధం లేదు, అంటగట్టని పాపం లేదు. అంత కసిగా రాసినవాళ్ల చేతికి ఈ కేకు మాట దొరికి ఉంటే వదిలేవాళ్లా? వాళ్ల కరపత్రాల్లో అది కనపడదు.

వజ్రాల హారం గొడవ కూడా మీరు ఆమె విలాసానికి రుజువుగా రాశారు. అసలు జరిగింది అందుకు పూర్తిగా తలకిందులు. ఆ హారం పదిహేనో లూయీ ఉంపుడుగత్తె కోసమని నగల వ్యాపారులు చేయించింది, ఆయన పోవడంతో అమ్ముడుపోక మిగిలిపోయింది. ధర అప్పటి ఫ్రెంచి డబ్బులో 16 లక్షల లివ్ర్‌లు. రాణికి చూపిస్తే వద్దంది. అప్పుడు జాన్ ద లా మోత్ అనే ఆవిడ రంగంలోకి దిగి, రాణి దగ్గర మంచి అనిపించుకోవాలని తహతహలాడుతున్న చర్చి పెద్ద కార్డినల్ రోహాన్‌ను పట్టుకుని, ఒక రాత్రి వెర్సాయ్ రాజమహలు తోటలో రాణి పోలికలున్న వేరే అమ్మాయిని చీకట్లో చూపించి, దొంగ ఉత్తరాలు ఇచ్చి, ఆయన చేత హారం కొనిపించి, వజ్రాలు ఊడదీసి అమ్ముకుంది. ఆ ఉత్తరాల కింద సంతకం "మేరీ ఆంటోయినెట్ ద ఫ్రాన్స్" అని ఉంటుంది. రాణులు వట్టి పేరు మాత్రమే సంతకం పెడతారని పెద్ద దొరల ఇంట్లో పుట్టి రాజాస్థానంలో తిరిగిన ఆ కార్డినల్‌కు తట్టలేదు! 1786లో కోర్టు ఆయన్ని వదిలేసింది, లా మోత్‌కు శిక్ష వేసింది, పరువు మాత్రం ఏ పాపం ఎరగని రాణిది పోయింది.

అలాగని ఆవిడ అమాయకురాలని నేను అనను. 1792 మార్చిలో, ఆస్ట్రియాతో యుద్ధం రేపో మాపో అన్నప్పుడు, ఫ్రెంచి సైన్యం ఎటు నుంచి కదలబోతోందో ఆస్ట్రియా వాళ్లకు ఆమె రహస్యంగా ఉత్తరం రాసి చెప్పింది. ఇది రాజద్రోహం కాదు, దేశద్రోహం. 1793 అక్టోబరు విచారణలో ఆ ఉత్తరం ఎవరి చేతికీ దొరకలేదు, దొరక్క ఏం చేశారంటే ఎనిమిదేళ్ల కొడుకుతో నోటితో చెప్పలేని ఆరోపణ చేయించారు. ఆమె ఇక్కడున్న తల్లులనందరినీ అడుగుతున్నానంది, కోర్టులో ఉన్న ఆడవాళ్లలో కదలిక వచ్చింది. చేయని తప్పుకు ఆమె ప్రపంచ ప్రసిద్ధి, చేసిన తప్పు మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

కేకు కథ వల్ల ఇంకో నష్టం ఉంది. రొట్టె ధర ఎందుకు పెరిగిందో అడగనివ్వదు. మామూలు రోజుల్లో ఎనిమిది, తొమ్మిది సూలు (అప్పటి ఫ్రెంచి చిల్లర) ఉండే నాలుగు పౌండ్ల రొట్టె 1789 నాటికి పారిస్‌లో 14 సూలు దాటింది, కూలివాడి రోజు సంపాదన ఇరవై ముప్పై సూలు. 1788లో వడగళ్లకు పంట పోయింది, దాని వెనకే చలికాలం నదులు గడ్డకట్టేంతగా వచ్చింది, ఖజానా అప్పటికే అమెరికా యుద్ధానికి పెట్టిన ఖర్చుతో దివాలా. ఇందులో రాణి నోటికి పాత్రేమీ లేదు. కానీ పంటలు, పన్నులు, అప్పుల గురించి రాస్తే ఆదివారం ఎవడు చదువుతాడు అనుకున్నట్టున్నారు.

రాజుగారి డైరీలో జూలై 14న "ఏమీ లేదు" అని ఉందని, అంత మొద్దు రాజని రాశారు. అది వేట డైరీ అండీ. ఆ రోజు వేట లేదు, ఏమీ దొరకలేదు, అంతే. ఆయన మొద్దుతనానికి వేరే రుజువులు బోలెడు, ఇది ఎందుకు.

గిలెటిన్ డాక్టరు ఆ యంత్రం కనిపెట్టనూ లేదు, దాని కింద చావనూ లేదు. ధనికుడైనా పేదవాడైనా ఒకే నేరానికి ఒకే శిక్ష ఉండాలి, హింస పెట్టకుండా ఒక్క వేటుతో పోవాలి అని 1789లో సభలో ప్రతిపాదించాడు. అంతకు ముందు దొరలకు కత్తి, పేదలకు ఉరి. యంత్రానికి నమూనా గీసింది ఆంత్వాన్ లూయీ అనే ఇంకో డాక్టరు, తయారు చేసింది టోబియాస్ ష్మిట్ అనే జర్మన్, సంగీత వాద్యాలు చేసేవాడు. మొదట్లో ఆ లూయీ పేరుతోనే పిలిచారు కూడా. మొదటి తల 1792 ఏప్రిల్‌లో ఒక దారిదోపిడీ దొంగది. గిలెటిన్ గారు 1814లో ఇంట్లో మంచం మీద జబ్బుచేసి పోయారు.

ఇక శాస్త్రవేత్త లవోయిజర్. తల తెగాక ఎన్నిసార్లు కళ్లార్పుతానో లెక్కపెట్టమని శిష్యుడికి చెప్పాడన్న ఈ కథ మా స్కూల్లో ఎనిమిదో తరగతి నుంచి అందరికీ తెలుసు, యూట్యూబ్ షార్ట్స్ పుణ్యం. సైన్సు మేడం ద్రవ్యనిత్యత్వ నియమం చెబుతుంటే వెనక బెంచీ నుంచి "మేడం, ఆయన పదిహేను సార్లు ఆర్పాడా, ఇరవై సార్లా" అని అడిగారట. ఒక్కసారి కూడా ఆర్పినట్టు చూసినవాళ్లెవరూ రాయలేదు నాయనా. 1794 మే 8న ఆయనతో కలిపి 28 మందిని, అందులో ఆయన మామగారు కూడా ఉన్నారు, పొద్దున విచారణ, సాయంత్రానికి వరసగా తలలు తీసేశారు, ఆ హడావుడిలో పక్కన నిలబడి లెక్కపెట్టే శిష్యుడెవరు? "రిపబ్లిక్కుకు శాస్త్రవేత్తలతో పని లేదు" అని జడ్జి అన్నాడన్న మాటకూ ఆనాటి ఆధారం లేదు. అదే ప్రభుత్వం శాస్త్రవేత్తలైన మోంజ్‌ను, బెర్తొలేను కూర్చోబెట్టి తుపాకీ మందు, ఫిరంగులు తయారు చేయించుకుంది.

మరి ఎందుకు చంపారు? ఆయన పన్నుల కాంట్రాక్టు కంపెనీలో భాగస్వామి కాబట్టి. రాజు తరఫున ఉప్పు మీద, పొగాకు మీద, ఊళ్లోకి వచ్చే సరుకు మీద వసూలు చేసి లాభం మిగుల్చుకునే కంపెనీ అది. సరుకు దొంగతనంగా రాకుండా పారిస్ చుట్టూ గోడ కట్టాలన్న ఆలోచన లవోయిజర్‌దే. ఆ గోడ మీద జనానికి ఎంత మంటంటే, బాస్టిల్ కోట పడడానికి రెండు రోజుల ముందే దాని గేట్లు తగలబెట్టారు. ఆయనకు పడిన శిక్ష అన్యాయం, అందులో నాకు అనుమానం లేదు. అయితే "మూర్ఖ జనం మేధావిని చంపారు" అన్న కథలో ఆ గోడ కనపడకుండా పోతుంది.

మధ్య పేజీలో విప్లవ పత్రిక నడిపిన మారా స్నానాల తొట్టిలో చనిపోయి ఉన్న బొమ్మ వేసి కింద "హత్యా దృశ్యం" అని రాశారు. అది దృశ్యం కాదు, పార్టీ పోస్టరు. వేసిన చిత్రకారుడు దావీద్, కన్వెన్షన్ అనే అప్పటి చట్టసభలో మారాకు సాటి సభ్యుడు, అదే పక్షం, అంత్యక్రియల ఏర్పాట్లు చూసినవాడు. మారాకు ఏళ్ల తరబడి చర్మవ్యాధి, ఆ దురద తట్టుకోలేకే గంటలు గంటలు తొట్టిలో కూర్చుని రాసేవాడు. బొమ్మలో ఒంటి మీద మచ్చ లేదు, పాలరాయిలా ఉన్నాడు. పొడిచిన షార్లెట్ కోర్డే బొమ్మలోనే లేదు, ఆమె పేరున్న ఉత్తరం మాత్రం చనిపోయినవాడి చేతిలో ఉంది. బొమ్మగా అద్భుతం, నేను కాదనను. ఇంకొకటి, మారాను మీరు "నకిలీ వైద్యుడు" అన్నారు, ఆయనకు స్కాట్లాండ్ సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ ఎండీ పట్టా ఉంది. ఆయన పత్రికలో తలలు నరకండి అని పిలుపులిచ్చింది నిజం, దానికి తిట్టండి.

ఇక రోబెస్పియర్. పేజీ మొత్తం ఇచ్చారు, పైన ఎర్ర అక్షరాల్లో "రక్తపిపాసి నియంత". ఆయన్ని దేవుణ్ణి చేయమని నేను అడగట్లేదు, ముందే చెప్తున్నా, ఎందుకంటే ఈ పేరెత్తితే చాలు "ఓహో, మీరు ఆ పార్టీయా" అంటారు.

అరాస్ అనే ఊళ్లో చిన్న లాయరు. 1791 మే 30న మరణశిక్షే ఉండకూడదని సభలో మాట్లాడినవాడు ఈయనే. చట్టం పేరుతో చేసే హత్య ఒక మనిషి కాదు, ఒక జాతి మొత్తం కలిసి చేసే నేరమని, జడ్జీలు కూడా పొరపాటు పడతారని వాదించాడు. సభ ఒప్పుకోలేదు. యూదులకు ఓటు ఉండాలన్న కొద్దిమందిలో ఒకడు, వలసల్లో బానిసత్వానికి చట్టంలో చోటివ్వొద్దన్నాడు. 1792 జనవరిలో ఊరంతా యుద్ధం యుద్ధం అని ఊగిపోతుంటే వద్దన్నాడు, తుపాకులు పట్టుకొచ్చే ప్రచారకుల్ని ఏ దేశమూ ప్రేమించదన్నాడు. ఆ యుద్ధం కావాలని పట్టుబట్టింది మన పుస్తకాల్లో "మితవాదులు" అని పేరు తెచ్చుకున్న జిరోండిన్లు అనే పక్షం. అదే రోబెస్పియర్ 1792 డిసెంబరులో రాజును విచారణ కూడా లేకుండా చంపాలన్నాడు. ఏడాదిన్నరలో ఈ మనిషికి ఏమైంది? అసలు వ్యాసం రాయాల్సింది దాని మీద. పుట్టుకతోనే రాక్షసుడు అనేస్తే ఆ ప్రశ్నే ఉండదు, రాయడం ఈజీ.

నియంత అన్నారు. ఆయన ఉన్న, అప్పట్లో దేశాన్ని నడిపిన ప్రజా భద్రతా కమిటీలో 12 మంది. ఆయన చేరింది 1793 జూలై 27న, కమిటీ పుట్టిన మూడు నెలలకు. సైన్యం ఇంకో సభ్యుడు కార్నో చేతిలో ఉంది, అరెస్టులు చూసేందుకు వేరే కమిటీ ఉంది, కన్వెన్షన్ సభ నెలనెలా ఓటేసి కమిటీని కొనసాగించేది. ఉంటున్నది దుప్లే అనే వడ్రంగి మేస్త్రీ ఇంట్లో అద్దెకు. నియంతను దించాలంటే యుద్ధాలు కావాలి, ఈయన్ని సభలో ఒక మధ్యాహ్నం చేతులెత్తి దించేశారు.

అలాగని చేతికి మసి అంటలేదా? అంటింది. 1794 జూన్ 10 చట్టం ఆయనది, కమిటీలో ఆయన సహచరుడు కూతోన్‌ది. ముద్దాయికి లాయరు లేడు, సాక్షులు అక్కర్లేదు, విడుదల లేదా మరణం, మధ్యలో ఇంకో శిక్ష లేదు. ఆ తర్వాత ఏడు వారాల్లో పారిస్‌లో సుమారు 1,400 తలలు తెగాయి, అంతకు ముందు పద్నాలుగు నెలల్లో తెగినవాటి కంటే ఎక్కువ. ఆ వారాల్లో చాలా భాగం ఆయన కమిటీ గదికే రాలేదు అని వెనకేసుకొచ్చేవాళ్లున్నారు. చట్టం నువ్వు చేసి ఇంట్లో కూర్చుంటే సరిపోతుందా? నేనైతే ఒప్పుకోను.

అయితే భీతావహ పాలన అని పిలిచే 1793-94 కాలం మొత్తం లెక్క చూడండి. దేశమంతటా కోర్టులు వేసిన మరణశిక్షలు దాదాపు 17,000, పారిస్‌లో 2,600 పైచిలుకు. మిగతావి ఎక్కువ భాగం అంతర్యుద్ధం జరిగిన పడమటి జిల్లాల్లో, లియోన్ వైపు. పోయినవాళ్లంతా పట్టుబట్టల దొరలని మీ బొమ్మ చూస్తే అనిపిస్తుంది, నిజానికి పదిమందిలో ఒక్కడు కూడా దొర కాదు. ఎక్కువమంది రైతులు, పనివాళ్లు. నాంత్‌లో ఖైదీలను పడవలెక్కించి లువార్ నదిలో ముంచినవాడు సభ పంపిన ప్రతినిధి కారియే. లియోన్‌లో మనుషుల్ని వరసగా నిలబెట్టి ఫిరంగులతో పేల్పించినవాళ్లు అలాంటి ప్రతినిధులే, ఫూషే, కొలో దెర్బువా. నాంత్ ఘోరాలను ఒక కుర్రాడు ఉత్తరాలు రాసి రోబెస్పియర్‌కు చెబితే కారియేను వెనక్కి పిలిపించారు. ఫూషేనూ వెనక్కి పిలిపించారు. ఇప్పుడు చెప్పండి, రోబెస్పియర్ ఇంకొన్నాళ్లు ఉంటే ఎవరి మెడకు ప్రమాదం?

1794 జూలై 27న ఆయన్ని పడగొట్టినవాళ్లలో ఫూషే ఉన్నాడు, బోర్డోకు ప్రతినిధిగా వెళ్లొచ్చిన తాలియేన్ ఉన్నాడు, కమిటీలో ఆయన పక్కనే కూర్చుని అవే కాగితాల మీద సంతకాలు పెట్టిన కొలో, బియో ఉన్నారు. ఆ మర్నాటి తెల్లవారుజామున దవడ పగిలి, గుడ్డ కట్టి, కమిటీ ముందుగదిలో బల్ల మీద పడుకోబెట్టారు, తల కింద పెట్టింది సైనికుల రొట్టెల శాంపిళ్లున్న చెక్కపెట్టె. చూడ్డానికి వచ్చినవాళ్లు వెటకారాలాడారు. సాయంత్రం 21 మందితో కలిపి చంపేశారు. తర్వాతి రోజు పారిస్ నగరపాలక సభ్యుల్ని ఇంకో 70 మందిని, భీతావహ పాలన అని మనం పిలిచే కాలంలో కూడా అక్కడ ఒక్క రోజులో అంతమంది పోలేదు. మీ వ్యాసం రోబెస్పియర్ చావుతో "రక్తపాతం ఆగింది" అంటుంది.

ఆ తర్వాత అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం. నెల తిరిగేసరికి తాలియేన్ సభలో లేచి అదంతా ఒక "భీభత్స వ్యవస్థ" అని ఉపన్యాసం ఇచ్చాడు, తాను బోర్డోలో చేసింది మర్చిపోయి. రోబెస్పియర్ ఇంట్లో దొరికిన కాగితాల మీద రిపోర్టు రాసే పని సభ్యుడు కూర్తువాకు అప్పగిస్తే, ఆయన తమవాళ్లకు ఇబ్బంది కలిగించేవి పక్కన పెట్టి మిగిలినవి అచ్చు వేశాడు. దేశంలో అందరినీ చంపాక చివరికి తలారిని కూడా తానే చంపుతున్న రోబెస్పియర్ కార్టూను ఆ రోజులదే. మీరు పేజీ పైన వేసింది అదే కార్టూను, "ఆనాటి చిత్రం" అని మాత్రం రాశారు. ఎవరు వేయించారో, ఎప్పుడు వేశారో రాస్తే చదివేవాడికి తెలిసేది. ఫూషే తర్వాత నెపోలియన్‌కు పోలీసు మంత్రి అయ్యాడు, డ్యూక్ అయ్యాడు. ఆయన మీద మీ వ్యాసంలో ఒక్క వాక్యం లేదు.

మనకు ఈ కథలన్నీ ఇంగ్లీషు మీదుగా వచ్చాయి. ఇంగ్లండ్ 1793 నుంచి 1815 దాకా దాదాపు ఆపకుండా ఫ్రాన్సుతో యుద్ధంలో ఉంది, వాళ్ల కార్టూనిస్టులకు అదే పని. నెపోలియన్‌ను మరుగుజ్జు చేసింది కూడా వాళ్లే, మనిషి దాదాపు 168 సెంటీమీటర్లు, ఆనాటి ఫ్రెంచివాళ్లలో మామూలు ఎత్తు. మనల్ని ఏలినవాళ్ల పుస్తకాల్లోంచి మన పుస్తకాల్లోకి ఇవన్నీ నడిచొచ్చాయి.

పాఠ్యపుస్తకాలు కూడా తక్కువేం కాదు. సీబీఎస్‌ఈ తొమ్మిదో తరగతి చరిత్రలో ఏళ్ల తరబడి పిల్లలు చదివిన మొదటి పాఠం ఇదే. అందులో రోబెస్పియర్‌కు 1794 జూలైలో కోర్టు శిక్ష వేసిందని, అరెస్టు చేసి మర్నాడు గిలెటిన్‌కు పంపారని ఉండేది. ఏ కోర్టూ ఆయన్ని విచారించలేదు. సభ ఆయన్ని చట్టానికి వెలి వేసింది, అలా వెలివేసినవాడికి విచారణ అక్కర్లేదు, ట్రిబ్యునల్ ముందుకు తీసుకెళ్లింది "ఇతనే ఆ మనిషి" అని గుర్తుపట్టడానికి మాత్రమే. పరీక్షలో మా పిల్లలు "కోర్టు శిక్ష వేసింది" అని రాస్తే మార్కు పడేది, నిజం రాస్తే దిద్దేవాళ్ల దయ.

రచయిత్రి ఒలింప్ ద గూజ్‌ను స్త్రీల హక్కుల ప్రకటన రాసినందుకే చంపారని కూడా రాశారు. ఆ ప్రకటన 1791ది, చంపింది 1793 నవంబరులో. ఆమె మీద పెట్టిన కేసు వేరే, దేశానికి ఏ తరహా ప్రభుత్వం కావాలో జనమే ఓటేసి తేల్చుకోవాలని పోస్టరు వేసింది, రాచరికాన్ని కూడా అందులో ఒక ఎంపికగా పెట్టింది. ఆ రోజుల్లో అది చావుకేసే. ఆడది రాజకీయాలు మాట్లాడటమేంటన్న కోపం దానికి తోడైంది, కాదనలేం.

తప్పుల సవరణ వేస్తారని ఆశ పెద్దగా లేదు, వేస్తే రెండు ముక్కలు చాలు, కేకు మాట, గిలెటిన్ డాక్టరు చావు. వచ్చే ఏడాది ఇదే సీజన్‌కు మళ్లీ ఏదైనా వేసే ఉద్దేశం ఉంటే, ఆ కార్టూను బదులు 1791 మే 30 నాటి మరణశిక్ష ప్రసంగాన్ని తెలుగులో వేయండి. ఇంగ్లీషులో దొరుకుతుంది, పెద్దది కాదు, అర పేజీలో సర్దొచ్చు. పారితోషికం అక్కర్లేదు, అడిగితే నేనే తెలుగు చేసి పంపుతాను.

ఇట్లు,
ఒక సోషల్ టీచరు,
తణుకు